గేటు దగ్గర ఆడమనిషి

అట్టపెట్టెల కార్ఖానా గేటు ముందు ఆమె మళ్ళీ అడ్డం వచ్చింది.

"అన్నా, పాపని లోపలికి పంపకు."

హమాలీకి ఒళ్ళు మండింది. మూటతో సహా మెట్ల మీంచి పడి నడుము పోగొట్టుకున్నాక అతనికి ఎవరూ పని ఇవ్వలేదు. పదకొండేళ్ళ కూతురికి మాత్రం అడిగిన రోజే ఇచ్చారు, సగం కూలికి.

"చిన్న చేతులు చకచకా ఆడతాయి," అన్నాడు ఆ రోజు మేస్త్రీ.

"మూడు రోజుల్నుంచి చూస్తున్నా. ఏం కావాలమ్మా నీకు?" విసుక్కున్నాడు హమాలీ.

"బడిలో నేను చేర్పిస్తా. రేపే."

"మరి ఇంట్లో నలుగురం ఏం తినాలి? నువ్వు పెడతావా?"

ఆమె కిందికి వంగింది. పాప చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది.

"ఆలస్యమైతే తిడతారు," అంటూ పాప తన చెయ్యి లాక్కుని లోపలికి పరిగెత్తింది.

"ఒక్క మాట విను అన్నా. ఆ మిషను..."

"నీ మాటలు వింటూ కూర్చుంటే మా పొయ్యిలో పిల్లి లేవదు."

తనే వెళ్ళి మేస్త్రీకి చెప్పాడు. మర్నాటి నుంచి వాచ్‌మన్ ఆమెను వీధి మలుపు దాటి రానివ్వలేదు. పీడ వదిలిందనుకున్నాడు హమాలీ.

పదో రోజు మధ్యాహ్నం, అట్టలు కోసే మిషను కింద పాప కుడిచేతి వేళ్ళు నాలుగు పోయాయి.

మేస్త్రీ ఆస్పత్రికి ఒక కాగితం తెచ్చాడు.

"ఇంట్లో తలుపు సందున పడి నలిగాయని రాశాం. వేలిముద్ర వెయ్యి. లేదంటే వైద్యం ఖర్చు మాకు సంబంధం లేదు."

హమాలీ వేశాడు.

కట్టు విప్పిన రోజు పాప అడిగింది.

"నాన్నా, ఎడం చేత్తో చేస్తానంటే మళ్ళీ తీసుకుంటారా?"

అతను లేచాడు. కర్ర పట్టుకుని కార్ఖానాకు బయల్దేరాడు. బడిలో చేర్పిస్తానన్న మనిషి ఆమె ఒక్కతే, ఆమెను వెతకాలి.

వీధి మలుపులో ఎవరూ లేరు. లోపల మిషను ఆడుతూనే ఉంది.

"ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోయింది," అన్నాడు వాచ్‌మన్. "మీ పాప సంగతి విన్న రోజే."

"ఆ మిషను గురించి ఆమెకెలా తెలుసు?"

"నీకు చెప్పాలనే వచ్చేది. నువ్వేగా తరిమించావు."

"నువ్వైనా చెప్పలేదేం?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు. మేస్త్రీ దగ్గర్లో లేడని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"మీ పాపకి ముందు ఆ మిషను దగ్గర పనిచేస్తూ చచ్చిపోయిన పిల్లని, నీలాగే రోజూ చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ గేట్లో దింపిన తల్లి అన్నా ఆవిడ."