దెయ్యం కూత

తెరమీద ఏడేళ్ళ పిల్లవాడు కొడవలి ఎత్తాడు.

మునసబు మెడ తెగింది. రక్తం ఎగిరి గోడకున్న క్యాలెండరు మీద పడింది. మదనపల్లె థియేటరులో మ్యాట్నీ జనం ఈలలు వేశారు. నలభై ఏళ్ళ నాటి సినిమా అది. పక్కనే హార్స్లీ హిల్స్ మీద తీశారు. ఇప్పుడు బొమ్మా, సౌండూ శుభ్రం చేసి మళ్ళీ వేశారు. కొడవలి దిగే ముందు పిల్లవాడు నోరు తెరిచి ఒక కూత కూస్తాడు. ఆ కూత కోసమే జనం ఎగబడి వచ్చారు.

అమీనా కూడా దానికోసమే వచ్చింది. ఆ పిల్లవాడు ఆమె కొడుకు జుబేర్.

కుప్పంలో పొద్దున్నే బస్సెక్కింది. పుంగనూరులో కూతురు రుక్సానా ఎక్కి పక్కన కూర్చుంది. అమీనాకు రెండు కళ్ళకూ పొరలు. ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా ఆనదు. నువ్వు సినిమా ఏం చూస్తావమ్మా అని రుక్సానా దారి పొడుగునా సణిగింది. వింటాను కదా అని అమీనా ఒక్కటే మాట.

అదంతా చెప్పుకుంటే పెద్ద కథ. అప్పట్లో వాళ్ళది మదనపల్లే. ఇంటాయన షరీఫ్ పరుపులు కుట్టేవాడు. రుక్సానా ఇంకా ఉయ్యాల్లో ఉంది. పరుపుల కోసం వచ్చిన సినిమావాళ్ళు, అంగట్లో దూదిలో పొర్లాడుతున్న జుబేర్ కళ్ళు చూసి ముచ్చటపడ్డారు. దెయ్యం పట్టిన పిల్లవాడి వేషానికి పది రోజులు పంపమన్నారు. పదకొండో రోజు దుప్పట్లో చుట్టి తెచ్చారు. కొండ చలికి జ్వరం తగిలి పోయాడన్నారు. తల్లికి మొహం మాత్రం చూపించారు. ఆఖరి స్నానం చేయించింది షరీఫే. ఆ మనిషి ఆ తర్వాత ఏడాది బతికాడు గానీ, నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడింది లేదు.

ఊరు మాత్రం మాట్లాడింది. కొండమీద నిజం దెయ్యమే పిల్లవాడి ఒంట్లో దూరిందట. వాడి నోటితో దాని భాషలో కూసిందట. చివరికి వాణ్ణి తినేసిందట. కూత నక్క ఊళలా ఉందని ఒకరన్నారు, మలయాళ మంత్రమని ఇంకొకరన్నారు. అమీనా వీధి వాళ్ళు ఒక్కరూ ఆ సినిమాకు పోలేదు. కళ్ళముందు పెరిగి, చనిపోయిన బిడ్డ తెరమీద నవ్వుతుంటే ఎవరికి చూడబుద్ధవుతుంది? దెయ్యాన్ని కన్న తల్లి అనే పేరు మోయలేక అమీనా ఊరే వదిలేసింది.

నా బిడ్డ నోట్లో మాట్లాడింది ఎవరు? ఇన్నేళ్ళూ ఆమెకు అదొక్కటే. కళ్ళు ఎటూ పోయాయి. చెవులు కూడా పోకముందే తేల్చుకోవాలనుకుంది.

మొదటి కూత ఈలల్లో కలిసిపోయింది. రుక్సానా తల్లి చెవిలో చెబుతూ పోయింది. ఇప్పుడు పిన్నమ్మను బావిలోకి తోశాడు. పైకి తేలుతుంటే తలమీద రాయి వేశాడు. ఇప్పుడు మంత్రగాడి గొంతులో కత్తెర దించాడు. ప్రతి చావుకూ ముందు అదే కూత. కుర్రకారు కూడా గొంతు కలిపింది.

"హల్లూ..."

"హల్లులొచ్చినాయి, అచ్చులు యాడికి పోయినాయిరా?" అని వెనక వరసలో ఎవడో అన్నాడు. హాలంతా నవ్వింది.

రుక్సానా చెప్పడం ఆపేసింది. ఇంటికి పోదాం పదమ్మా అంది. అమీనా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ కుర్చీలోంచి కదల్లేదు.

ఇంటర్వెల్లో మేనేజరు మధుసూదన్ ఒక ముసలాయనకు శాలువా కప్పాడు. పేరు మల్లప్ప. కొండ కింద పల్లె. చివరి సీనులో దెయ్యాన్ని కొట్టే జనంలో ఉన్నాడట. ఈ చుట్టుపక్కల మిగిలింది ఆయనొక్కడేనట. చేతికి మైకిచ్చారు.

"మొదట మేం ఉత్తుత్తిగా కొడతాంటే డైరెక్టర్ తిట్టినాడప్పా. దెయ్యాన్ని కొడతాండారా, ఈగల్ని తోలతాండారా అని. ఇంక సూస్కోండి."

చప్పట్లు మోగాయి.

"ఆ కూత ఎవురూ నేర్పింది కాదు. పిల్లోడు కిందపడినాక వాడంతట వాడే కూసినాడు. మాకు ఒళ్ళు జలదరించె. డైరెక్టర్‌కు అదే నచ్చి, సినిమా అంతా అతికించుకున్నాడు."

చివరి సీను వచ్చింది. బండమీద పిల్లవాడు. చుట్టూ పన్నెండు మంది, చేతుల్లో చింతబరికెలు. వీపుమీద పడింది. నెత్తిమీద పడింది. పిల్లవాడు తలకు చేతులు అడ్డం పెట్టుకుంటే వేళ్ళమీద పడింది. పెదవి చిట్లి గడ్డం ఎర్రగా తడిసింది. జనం కుర్చీల్లోంచి లేచి, కొట్టు కొట్టు అని అరిచారు. కూత వరసగా వచ్చింది. వస్తూ వస్తూ సన్నబడింది. ఆగింది.

 

లైట్లు వెలిగాక మల్లప్ప వాకిట్లో పిల్లలతో ఫోటోలు దిగుతున్నాడు. అమీనా కూతురి భుజం పట్టుకుని, ఆ గొంతును బట్టి దగ్గరికి వెళ్ళింది.

"మైకులో మాట్లాడింది నువ్వేనాప్పా?"

"నేనేనమ్మా. యాల, బయపడితివా?"

"ఆ మాటకు అర్థమేందో నీకు తెలుసునా?"

మల్లప్ప నవ్వాడు. "దెయ్యం కూతకు అర్థం యాడుంటాదమ్మా?"

అమీనా గాలిలో తడుముకుంటూ ఆయన కుడిచేతిని అందుకుంది. ముడతలు పడిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే నిమిరింది.

"మా ఇండ్లల్లో హల్లూ అంటే 'మెల్లగా' అనప్పా."