పిలిస్తే పలకకూడదు

లూహా మళ్ళీ వచ్చాడు.

గొర్రెల దొడ్డి వెనక, మంచులో నిలబడ్డాడు. ఒంటి మీద అదే నల్ల గొంగడి.

"అమ్మా!"

అగోమో తలెత్తలేదు. తిరగలి తిప్పుతూనే ఉంది.

కొడుక్కి కర్మ జరిపించి ఇరవై రోజులైంది. ఆరోజు వంశమంతా కూడింది. వాళ్ళ పురోహితుడు బిమో కోడిని కోసి, "ఇక నీకూ ఈ ఇంటికీ రుణం తీరింది, నీ దారిన నువ్వు పో" అని మూడుసార్లు చెప్పాడు. అగోమో గొంతు పోయేదాకా ఏడ్చింది.

వారం రోజులు ఏమీ లేదు. తర్వాత వాగు అవతల కనిపించాడు. నిన్న కంచె దగ్గర. ఇవాళ దొడ్డి దాకా వచ్చేశాడు.

ఊళ్ళో అందరూ చూశారు. చూడనట్టే పోయారు. పిలిచినా పలకకూడదు. పలికినవాళ్ళు కూడా వాడి దారినే పోవాలి. తాతముత్తాతల నాటి కట్టడి అది.

మధ్యాహ్నం బిమో వచ్చాడు. నెలాఖరున ఇంటింటా పుస్తకం చదవడం ఆయన వాడుక. కొండ దిగువ చీనావాళ్ళ తావో గురువుల మంచిమాటలను పూర్వులెప్పుడో తమ లిపిలో చెక్కపలకల మీద చెక్కించి అచ్చేయించుకున్న పుస్తకం అది. ఆయన వెనకే అగోమో మొగుడి అన్న మూగా కూడా వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నాడు. బీడు తగాదాలో లూహా కంటే మూడు రోజుల ముందు పోయినవాడు ఆయన కొడుకే.

బిమో చదివాడు. చీమల పుట్ట మీద వేడినీళ్ళు పొయ్యొద్దన్నాడు. వణికేవాడికి నిప్పు దగ్గర చోటివ్వమన్నాడు.

"అమ్మా... చలేస్తోందే!"

ముగ్గురికీ వినిపించింది. బిమో వేలు అక్షరం మీదే ఆగిపోయింది.

"తాతా," అంది అగోమో, "వణికేవాడంటే ఎవడైనానా?"

"ఎవడైనా."

"పోయినవాడు కూడానా?"

"పోయినవాడి ఊసు ఈ ఇంట్లో ఎత్తకు!" మూగా కసిరాడు. "నా కొడుకు కూడా పోయాడు. వాడొచ్చి నన్ను పిలుస్తున్నాడా? పిలిస్తే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలుసా?"

జావగిన్నె ఆయన ముందుకు జరిపింది. ఆయన ముట్టలేదు.

బిమో పుస్తకం గుడ్డలో చుట్టాడు. "పుస్తకం మాట పుస్తకానిది, వంశం మాట వంశానిది. రెండూ నా నోటితోనే చెప్పాను. ఏది పెద్దదో ఈ వయసులోనూ నాకు తెలీదు తల్లీ." లేవబోతూ పొయ్యి వైపు చూశాడు. "ఇవాళ పొయ్యిదేవుడు పైలోకానికి పోయి, ఇంట్లో చూసిందంతా చెప్పుకునే రోజు. ఆయనకేం చూపిస్తావో నీ ఇష్టం."

బయట పిలుపు ఆగిపోయింది.

ఇన్ని రోజులుగా ఆ పిలుపంటే ఆమెకి భయం. ఆగిపోయాక తెలిసింది అసలు భయమేమిటో. తిరగలి వదిలేసి గుమ్మం దాకా వెళ్ళింది.

"అగోమో, గడప దాటకు!" మూగా లేచి అడ్డం నిలబడ్డాడు. "మొగుడు లేడు, వాడూ లేడు. ఇల్లొక్కటేగా మిగిలింది! అదీ పోగొట్టుకుంటావా?"

"ఇల్లుంటే సరిపోతుందా బావగారూ? పిలిచేవాడుండొద్దూ?"

ఆయన్ని తోసుకుని బయటికి పరిగెత్తింది. మంచు మోకాళ్ళ దాకా ఉంది. దొడ్డిగోడకి ఆనుకుని లూహా కూలబడి ఉన్నాడు. ముఖంలో రక్తం చుక్క లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"లూహా! వచ్చాను నాన్నా, పలికాను!"

వెనక మూగా పెద్దగా అరిచాడు. వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. చూసినవాళ్ళు గబగబా ముఖాలు తిప్పుకున్నారు. ఇప్పుడు ఆమె నుంచి కూడా.

అగోమో వంగి కొడుకు చెయ్యి పట్టుకుంది.

పెదనాన్న కొడుకుని చంపినందుకు వెలివేసి, బతికుండగానే వంశమంతా కలిసి కర్మ చేసేసిన ఆ బిడ్డ చెయ్యి జ్వరంతో కాలిపోతోంది.