మేకలు లేని అక్క

మేకలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి సువార్త మూడోసారి బయటికొచ్చిన గంటకే, అడ్మిన్ ఓబులేసు శాలువా పట్టుకుని కదిరిలో ఆమె ఇంటికి వచ్చాడు.

"మళ్లా చేర్చినానక్కా. ఎనిమిదేండ్లుగా అందరి మేకలకీ మందు చెప్పేది నువ్వే. ఈపొద్దు సన్మానం చేసి ఫొటో పెడతాండా."

"వద్దప్పా. నన్ను ఇడిసిపెట్టు."

"నువ్వు పోతే నీ ఎనకాల పాతోళ్లంతా పోతారక్కా."

అతను శాలువా కప్పుతుంటే ఆమెకు మెడకు పలుపు బిగించినట్టయింది. అంతలో ఫోను మోగింది. ఎవరిదో మేకకు కడుపుబ్బరమట. అలవాటుగా జవాబు చెప్పి పెట్టేసింది.

"నా మేకలమ్మేసి రెండేండ్లాయె," అంది. "వానల్లేవు, మేత లేదు. గ్రూపులో మేకపిల్ల బొమ్మ కనపడితే ఆ పొద్దు కూడు దిగదు నాకు."

ఓబులేసు నిలబడిపోయాడు. "మాకెవరికీ చెప్పలేదేమక్కా?"

"ఎవరడిగినారప్పా?"

అతను తన ఫోను తీసి, గ్రూపులోంచి ఆమె పేరు తనే తీసేశాడు. వెళ్లిపోతాడనుకుంది సువార్త. అతను గడప మీద కూర్చున్నాడు.

"ఎన్ని ఉండెనక్కా?"

"పదకొండు," అంది. ఒక్కొక్కదాని పేరూ చెప్పడం మొదలుపెట్టింది.