చెవులు లేని తలలు

బూటు కాలితో మంచు పట్టిన గడ్డిని పక్కకు తోయగానే గొర్రె తల ఒకటి దొర్లుకుంటూ వచ్చి అనస్తాసియో పాదాల దగ్గర ఆగింది. ఇంకాస్త తోశాడు. ఇంకో మూడు తలలు. వాటి కింద ఎముకలు, నెత్తురు గడ్డకట్టిన ఉన్ని.

"నాలుగు!" అని అరిచాడు. ఆ గొర్రెల ఎస్టేటుకి మేనేజరు అతను. "చంపి, తిని, మిగిలింది గడ్డి కప్పి దాచుకుంది. సింహమే! కుక్కల్ని వదులు లిసాంద్రో."

వేటగాడు లిసాంద్రో కుక్కల తాళ్ల మీద చెయ్యి వేశాడు. పటగోనియా కొండల్లో జూలు లేని ఆ మృగాన్ని అందరూ సింహమనే అంటారు. దాన్ని కుక్కలతో తరిమి కాల్చడంలో అతన్ని మించినవాడు లేడు.

"విప్పావంటే వేళ్లు విరుగుతాయి."

ఆ మాటన్నది ఆ లోయలో మంద కాసే ఎర్మీనియా. అరవై దాటిన మనిషి. గుడిసెలోంచి విసవిసా వచ్చి కుక్కలకీ కొండకీ మధ్య నిలబడింది.

"తప్పుకో ఎర్మీనియా. మంద పోతే కాపరివి నువ్వు ఏడవాలి. నువ్వేమో దానికి వకాల్తా!"

"పైన రాళ్ల సందులో రెండు కూనలున్నాయి దానికి. తల్లి పోతే వారం బతకవు."

"చావనీ. పెరిగాక నా గొర్రెల్నేగా తినేది."

"మీ గొర్రెని అది చంపలేదు."

"మరి ఇవేంటి? వాటంతట అవే చచ్చి, గడ్డి దుప్పటి కప్పుకున్నాయా?"

లిసాంద్రో పకపకా నవ్వాడు. ఎర్మీనియా ఒక తల ఎత్తి అతని మొహం ముందు పెట్టింది.

"ముప్ఫై ఏళ్లుగా సింహాల్ని చంపుతున్నావుగా, నువ్వు చెప్పు. దీని చెవులేవి?"

నవ్వు ఆగిపోయింది. ఆ తలని అటూ ఇటూ తిప్పాడు. మిగతా మూడూ చూశాడు. ఒక్కదానికీ చెవుల్లేవు.

"నక్కలు కొరికుంటాయి," అన్నాడు మేనేజరు.

"నక్క కొరికితే పీలికలవుతాయి దోన్ అనస్తాసియో," అన్నాడు లిసాంద్రో మెల్లగా. "ఇది కత్తి. ఒక్క కోత."

ఆ ముగ్గురికీ ఇంక చెప్పక్కర్లేదు. ఏ గొర్రె ఏ ఎస్టేటుదో చెప్పేది చెవి మీది గాటే. చెవులు మాయం చేసేది గొర్రెల దొంగ.

"దొంగ కోసుకుని మిగిలింది ఇక్కడ పారేశాడు," అంది ఎర్మీనియా. "ఆకలి మీదున్న తల్లి వాసన పట్టి వచ్చి, దొరికింది నాకి, గడ్డి కప్పి పోయింది. ఎంగిలి దాచుకుంటే ఉరేస్తారా?"

కుక్కలు గుంజుతున్నాయి. కొండవైపు కాదు, గుడిసె వైపు.

"చూశావా! నీ గుమ్మం దాకా వచ్చిందది," అన్నాడు అనస్తాసియో. "రేపు నీ పీకే పట్టుకుంటుంది."

"పట్టుకోనివ్వండి. మీరు పంపే పిండీ ఉప్పూ తిన్న ఒంట్లో దానికేం దొరుకుతుంది? కాపరికి వారానికో గొర్రె ఇవ్వడం మీ ముందున్న మేనేజర్లందరూ పాటించారు. మీరొచ్చారు, నాలుగు వారాలుగా అదీ లేదు."

"మాట మార్చకు. దొంగ దొంగ అంటున్నావుగా, వాడు కోసిన చెవులు తెచ్చి చూపించు. మన గాటు కనబడితే కుక్కల్ని ఈ కొండ ఛాయలకి రానివ్వను. ఆ దొంగ ఎవడైనా సరే, ఈ మంచులోనే గేటు బయటికి గెంటుతాను. చూపించలేవా, నోరు మూసుకుని పక్కకి జరుగు."

"మాట మీద నిలబడతారా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"విన్నావా లిసాంద్రో?"

"విన్నానమ్మా."

ఆమె గుడిసెలోకి వెళ్లింది. తలుపు తెరుచుకోగానే కుక్కలు పిచ్చెత్తినట్టు మొరిగాయి. టీలా కాచుకు తాగే మాతే ఆకు పోసుకునే రేకు డబ్బాతో తిరిగొచ్చి, దాన్ని రాతి మీద బోర్లించింది. ఉప్పు పట్టించిన ఎనిమిది చెవులు. ప్రతి దాని మీదా పిట్టతోకలాంటి గాటు.

అనస్తాసియో ఒకటి ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు.

"మనవే! ఎక్కడ దొరికాయి? ఎవడు వాడు?"

ఎర్మీనియా నడుము నుంచి కత్తి తీసి చెవుల పక్కన పెట్టింది.

"నేనే కోశాను. నాలుగు వారాలు, నాలుగు గొర్రెలు, మీరు ఎగ్గొట్టిన నా వాటా. చెవులు లెక్క కోసం దాచాను. కూర ఇంకా పొయ్యి మీదే ఉంది. ఒట్టేశారుగా, ముందు కుక్కల్ని పంపించండి, ఆ తర్వాత నన్ను."