రెండూ ఎడమ చేతులే

ఆ రోజు నలభై చొక్కాలకు ఒక్క కుడి చేయీ లేదు. అన్నీ ఎడమ చేతులే.

బట్టలు కుట్టే ఆ కార్ఖానాలో మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ కటింగ్ బల్ల వైపు చూశారు.

చొక్కా చేతి కొలతకు కోసిన అట్టను గుడ్డ మీద ఒకసారి పెట్టి గీయాలి, తిరగేసి రెండోసారి గీయాలి. తిరగేయడం మరిచిపోతే ఇదిగో, ఇలా అవుతుంది. పని నేర్చుకునే మొదటి వారంలో చేసే తప్పు.

"కటింగ్ ఎవరు చేశారు?" యజమాని అడిగాడు.

బల్ల దగ్గర ఇద్దరే ఉన్నారు. ఏళ్ల తరబడి ఆ బల్లను ఏలుతున్న మాస్టారు, నెల కిందట చేరిన కొత్తమ్మాయి.

మాస్టారికి నిజంగా గుర్తు లేదు. ఈమధ్య చాలా సంగతులు గుర్తుండటం లేదు. అయినా నోరు ఊరుకుంటుందా?

"నా చేత్తో ఇలాంటి పని ఎప్పుడైనా చూశారా సార్?"

కొత్తమ్మాయి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"నేనే సార్. పొరపాటైంది."

మాస్టారి కడుపు చల్లబడింది. నెల రోజులుగా మండుతున్న కడుపు మరి!

ఆ పిల్ల వచ్చిన రోజు నుంచీ దర్జీలంతా ఒకటే పాట.

"ఆ అమ్మాయి కత్తిరించిన గుడ్డ తనంతట తానే కుట్టుకుంటుంది మాస్టారూ!"

అదీ తన మొహం మీదే. యజమాని కూడా ఆమె దగ్గర ఆగి, ఓ నవ్వు నవ్వి వెళ్లేవాడు. ఒకప్పుడు ఆ నవ్వు తనది.

ఈ పిల్ల తన బల్లకే ఎసరు పెడుతోంది. ఈ బల్ల పోతే తనింకెందుకు పనికొస్తాడు?

తిండి సయించేది కాదు. మధ్యాహ్నం టీ, రెండు బిస్కెట్లు, ఆ పైన ఏళ్లుగా మింగుతున్న గ్యాస్ మాత్ర. అయినదానికీ కానిదానికీ కసురు. ఊరికే దిగులు. పాదాల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి. అన్నింటికీ ఆ పిల్లే కారణమని తేల్చేశాడు.

ఒకరోజు ఆమే మెల్లగా కదిపింది.

"మాస్టారూ, పాదాలు తిమ్మిరెక్కుతున్నాయా? ఒకసారి రక్తం పరీక్ష చేయించుకోండి."

"నా రక్తంతో నీకేం పనమ్మా? ఇప్పటిదాకా తాగింది చాల్లేదా?"

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నలభై చొక్కాలు పాడైన ఆ సాయంత్రం ఆమె యజమాని గదిలోకి వెళ్లొచ్చి, తన టేపు చుట్టి సంచిలో వేసుకుంది.

"వెళ్లొస్తాను మాస్టారూ. ఆరోగ్యం జాగ్రత్త."

"నువ్వు వెళ్తే అదే బాగుపడుతుంది."

ఇంటికెళ్లగానే భార్యతో చెప్పాడు. "పీడ విరగడైంది. ఆ పిల్ల ఉద్యోగం ఊడింది."

"అయ్యో, పాపం కదండీ!"

"పాపమా? నా బల్ల నాకు దక్కింది, అది చూడు!"

వారం తిరక్కుండా యజమాని పనివాళ్లందరికీ రక్తపరీక్షలు చేయించాడు. అంతకుముందెన్నడూ లేని ముచ్చట. మాస్టారి కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"మీకు బి-ట్వెల్వ్ అడుగంటిపోయింది. మెదడూ నరాలూ సరిగ్గా పనిచేయాలంటే ఈ బి విటమిన్లు ఉండాలండీ. బాగా తగ్గితే మతిమరుపు, చిరాకు, దిగులు, తిమ్మిర్లు, అన్నీ రావచ్చు. టీ బిస్కెట్ల భోజనం, పైగా ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర, అది ఆ విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. ఇంకేం మిగులుతుంది?"

"అయితే నాకు మతి పోలేదా డాక్టరమ్మా?"

"పోలేదు. ఇంకా ఆలస్యం చేసుంటే నరాలు బాగా దెబ్బతినేవి."

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండు నెలలకు తిమ్మిర్లు తగ్గాయి. నిద్ర పట్టింది. ఆయన కసురుకోవడం మానేసేసరికి భార్యకే భయం పట్టుకుంది.

ఒక్క ఏడుపుకే ఇంకా సూది కనిపెట్టలేదు. ఎవరైనా ఆ అమ్మాయి మాట తెస్తే లోపల చురుక్కుమనేది.

అలా ఉండగా ఒకరోజు, చేతి అట్ట తిరగేస్తూ ఆగిపోయాడు. ఆ రోజు సుద్దముక్క విరగడం, తిట్టుకుంటూ ఇంకోటి వెతికి తేవడం, అట్ట తిరగేయకుండానే మళ్లీ గీయడం, అంతా కళ్ల ముందు మెదిలింది.

తిన్నగా యజమాని గదికి వెళ్లాడు.

"సార్, ఆ ఎడమ చేతులు నేను కత్తిరించినవే."

"తెలుసు మాస్టారూ. ఆ సాయంత్రమే చెప్పింది. అసలు ఆ అమ్మాయిని తెచ్చిందే మీ స్థానంలో పెట్టడానికి."

మాస్టారి అనుమానం నిజమే. ఆయన ఊరికే ఏడవలేదు.

"మరి వెళ్లిపోయిందేం?"

"బల్ల నీదేనన్నాను. వద్దంది. 'ఆయన పనితనం పోలేదు సార్, ఒంట్లో బాగాలేదు. ఒక్కరికే పరీక్షంటే రారు, అందరికీ అని చెప్పండి' అంది. వాళ్ల నాన్నకీ ఇలాగే అయిందట. మతి తప్పిందని పనిలోంచి తీసేశారు. జబ్బేంటో తెలిసేసరికి చేయి దాటిపోయింది."

"ఎక్కడుందో చెప్పండి సార్. వెళ్లి కలుస్తాను."

"చెప్పలేదు. ఫోను చేస్తే ఆ నంబరే లేదంటోంది."

"వాళ్ల నాన్న ఏం చేసేవారు?"

యజమాని తలుపులోంచి కటింగ్ బల్ల వైపు చూశాడు.

"మీకు ముందు ఈ బల్ల ఆయనదే."

మాస్టారికి ఆ పాత మాస్టారు గుర్తొచ్చాడు. అప్పట్లో తను ఆయన కింద సహాయకుడు. ఆయన తప్పుగా కత్తిరించిన గుడ్డలన్నీ ఏరి, అప్పటి యజమాని ముందు పరిచి, 'ఈయనకి మతి తప్పింది సార్' అని చెప్పింది తనే.

"ఆ అమ్మాయికి... ఆ సంగతి తెలుసా?"

"తెలుసు మాస్టారూ. తెలిసే మీ తప్పు తన మీద వేసుకుంది."