తాటిదోనెలో బారసాల ప్రయాణం

చెరువు అవతలి గట్టున కోతుల ఇంట బారసాల. పొద్దు నడినెత్తికి రాకముందే ముసలవ్వ వెళ్ళి బిడ్డ చెవిలో పేరు చెప్పాలి. ఆమెను తాటిదోనెలో అక్కడికి చేర్చే పని మనవడు, కోతి కొమ్మన్న మీద పడింది. వాడికి తన చేతుల మీద మహా నమ్మకం, పుట్టింది మొదలు కొమ్మలకు వేలాడినవాడు మరి. వేలాడటమూ ఒక విద్యే, ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. నడుము వంచి, భుజాలు బిగించి తెడ్లు లాగాడు. ఎదురుగాలికి దోనె కదల్లేదు.

“వెళ్ళేది బారసాలకా, ఆ బిడ్డ పెళ్ళికా?” అంది అవ్వ.

దోనె అంచున కూర్చున్న కప్ప నవ్వింది. “తమ్ముడూ, వీపు నిటారుగా పెట్టు. పాదాలు అడ్డకర్రకు తన్నిపట్టి ముందు కాళ్ళతో నెట్టు. చేతుల పని ఆ తర్వాతే.”

“కాళ్ళు తప్ప ఇంకేమీ లేనివాళ్ళు అలాగే అంటారు,” అని గొణిగాడు కొమ్మన్న. కానీ అవ్వ దిగులు మొహం చూసి, కాళ్ళతో నెట్టాడు. దోనె సర్రున సాగింది.

అవ్వ పేరు చెప్పే వేళకు కొమ్మన్న తొడలు వణుకుతున్నాయి, చేతులు మాత్రం హాయిగా అరటిపండు వలుస్తున్నాయి. సగం తుంచి కప్పకిచ్చాడు. కప్పలు అరటిపండు తినవు. ఆ మాట అది చెప్పలేదు.