వలల కొట్టం దూలం

"గోల్ఫ్ ఆడుతున్నావా, గడ్డి కోస్తున్నావా?" గ్రిజెల్ చెల్లెలి మీద విరుచుకుపడింది. ఎఫీ కొట్టిన బంతి ఎడమకు మెలితిరిగి, ఉత్తర సముద్రం ఒడ్డున ముళ్లపొదల్లో పడింది.

జంటకు ఒకటే బంతి, వంతులవారీ దెబ్బలు. ఒకరు ఎక్కడ పడేస్తే రెండోవాళ్లు అక్కణ్ణుంచే కొట్టాలి. పన్నెండేళ్లుగా మాటల్లేని అక్కాచెల్లెళ్లను ఈ పోటీకి క్లబ్బు వాళ్లు తీసిన చీటీ జతకలిపింది.

"కర్రను భుజం పైకెత్తాలే! నువ్వేమో నడుం చుట్టూ తిప్పుతావు. బంతి మెలితిరక్క ఏం చేస్తుంది? నాన్న నాకు నేర్పుతుంటే చూళ్లేదూ?"

"ఎక్కడ చూడనిచ్చావ్? నేనుంటే నీకు గురి కుదరదని వలల కొట్టంలోకి తోసి గడియ పెట్టేదానివి. అక్కడే, విరిగిన కర్రతో, నాకు నేనే నేర్చుకున్నా."

"అయితే?"

"భుజం దాటి ఎత్తితే దూలం తగిలేదక్కా."

గ్రిజెల్‌కు ఆ దూలం గుర్తొచ్చింది. చెల్లెల్ని తోయడానికి ఆ కొట్టంలోకి తను కూడా తల వంచుకునే వెళ్లేది.

"నిలబడ్డావేం? ఇప్పుడు వంతు నీది," అంది ఎఫీ.

గ్రిజెల్ కర్ర తీసుకుని ముళ్లలోకి దిగింది.